పెద్దాయన బీరువాలోని పాత తుపాకిమందు

వరంగల్ ఆర్‌ఈసీలో మెటలర్జీ చదివే రోజుల్లో, 70 శాతం రాగి, 30 శాతం జింకు కలిసిన ఇత్తడిని ‘కార్ట్రిడ్జ్ బ్రాస్’ అంటారని పాఠంలో విని, పరీక్షలో రాసి, మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఆ ఇత్తడితో చేసిన తూటా తొడుగును చేతిలోకి తీసుకుని చూసే అవకాశం మాత్రం 1990ల మధ్యలో పిట్స్‌బర్గ్ శివార్లలో ఇల్లు కొనుక్కున్న తర్వాతే కలిగింది. పక్కింటి పెద్దాయన ఉక్కు మిల్లులో పనిచేసి, మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడిన 1980లలో ఉద్యోగం పోగొట్టుకుని, తర్వాత ఏవో చిన్న పనులు చేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. నేను లోహశాస్త్రం చదివినవాడినని తెలిసిన రోజునే ఆయన నన్ను తన బేస్‌మెంట్‌లోకి తీసుకువెళ్ళి, గుప్పెడు ఖాళీ తొడుగులు నా అరచేతిలో పోసి, వీటి మెడ దగ్గర కనిపించే నీలిఛాయ ఎందుకు వస్తుందో చెప్పమన్నారు. రేకు బిళ్ళను గిన్నెలా వంచి, దశలవారీగా సాగదీసి గొట్టం చేసేటప్పుడు ఇత్తడి గట్టిపడుతుందని, మెడ పగలకుండా ఉండడానికి చివర్లో అక్కడ మాత్రం వేడిచేసి మెత్తబరుస్తారని, ఆ వేడి మిగిల్చిన మచ్చే అదని చెప్పాను. ఆయన తృప్తిగా తల ఊపారు. అది ఆయనకు ముందే తెలుసని, నాకు తెలుసో లేదో చూద్దామని అడిగారని తర్వాత అర్థమైంది.

పశ్చిమ పెన్సిల్వేనియాలో వేట ఒక పండుగలాంటిది. ఆ రోజుల్లో థాంక్స్‌గివింగ్ తర్వాతి సోమవారం నాడు జింకల వేట మొదలయ్యేది, చాలా జిల్లాల్లో ఆ రోజు బడులకు సెలవు ఇచ్చేవారు. 2019లో మొదటి రోజును శనివారానికి మార్చారు గానీ, సోమవారం సెలవు అలవాటు ఇంకా చాలా చోట్ల పోలేదు. మేము మాంసం తినని కుటుంబం కావడం వల్ల పెద్దాయన వేటలో మాకు వాటా ఉండేది కాదు. దానికి బదులుగా వేసవిలో టమాటాలు, శరదృతువులో ఆపిళ్ళు తెచ్చి ఇచ్చేవారు. ఆదివారాలు మేము పెన్ హిల్స్‌లోని వేంకటేశ్వరస్వామి గుడికి వెళ్ళి తిరిగి వచ్చేసరికి, ఆయన చర్చి ముగించుకుని బేస్‌మెంట్ దీపం వేసి, ఖాళీ తొడుగులను మళ్ళీ నింపే రీలోడింగ్ బల్ల ముందు కూర్చుని ఉండేవారు. అలా ఆ బల్ల దగ్గర నేను గడిపిన సాయంత్రాలు చాలా ఉన్నాయి. తుపాకి కాల్చాలన్న ఆసక్తి నాకు ఎన్నడూ కలగలేదు. కాల్చక ముందు, కాల్చిన తర్వాత ఆ లోహానికి, ఆ మందుకు ఏం జరుగుతుందన్నదే నన్ను అక్కడికి లాక్కుపోయేది.

రీలోడింగ్ అంటే తెలియనివారికి రెండు మాటలు చెప్పాలి. తూటాలో నాలుగు భాగాలు ఉంటాయి: ఇత్తడి తొడుగు, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, లోపల మందు, మూతి దగ్గర బుల్లెట్. కాల్చినప్పుడు మిగతా మూడూ ఖర్చయిపోతాయి గానీ, అన్నిటికన్నా ఖరీదైన తొడుగు మాత్రం చేతికి తిరిగి వస్తుంది. పాత ప్రైమరును తీసివేసి, ఉబ్బిన తొడుగును ప్రెస్‌లో అచ్చుకు నొక్కి పూర్వపు కొలతకు తెచ్చి, కొత్త ప్రైమర్, కొలిచిన మందు, కొత్త బుల్లెట్ పెడితే అది మళ్ళీ తూటా అవుతుంది. అమెరికాలో తన వాడకానికి తాను చేసుకునేవారికి దీనికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు. కూలి పని చేసుకునే కుటుంబాలలో రెండు డబ్బులు మిగుల్చుకోవడానికి మొదలైన అలవాటు, తర్వాత తరాలకు సరదాగా మారింది.

మందును ఆయన గ్రెయిన్లలో తూచేవారు. పౌనుకు 7000 గ్రెయిన్లు. మన కంసాలి గురివింద గింజ ఎత్తు దాదాపు రెండు గ్రెయిన్లకు కాస్త తక్కువ ఉంటుందని లెక్క కట్టి చెబితే ఆయన ఆశ్చర్యపోయారు. ఊపిరి తగిలితే ముల్లు కదులుతుందని తక్కెడ ముందు మాటలు ఆపేయడం, బల్ల మీద ఒక సమయంలో ఒకే మందు డబ్బా ఉంచడం, ఆ సాయంత్రం పని ముగియగానే కొలపాత్రలో మిగిలిన మందును మళ్ళీ దాని డబ్బాలోకే పోసి మూత బిగించడం, ఇవన్నీ ఆయనకు ఊపిరి పీల్చినంత సహజంగా జరిగిపోయేవి. రాత్రంతా కొలపాత్రలో వదిలేస్తే వెలుతురుకు, గాలికి మందు చెడుతుందని, కొన్ని రకాలు ప్లాస్టిక్‌ను కూడా తినేస్తాయని చెప్పి, పసుపుపచ్చగా మారి మసకబారిన ఒక పాత కొలగొట్టాన్ని నాకు చూపించారు. అంతకన్నా పెద్ద కారణం ఒకటుంది. పొద్దున లేచి చూసేసరికి, గొట్టంలో ఉన్నది ఏ మందో గుర్తులేని మనిషి చేతిలో అది ప్రాణాంతకం అవుతుంది. చాలా మందులు చూడడానికి ఒకేలా ఉండే నల్లని పుల్లముక్కలు, కాలే వేగాలు మాత్రం వేరు.

ఆయన దగ్గరున్న సరుకులో సగానికి పైగా పాతదే. కొంత తండ్రిది, కొంత మూతపడిన హార్డ్‌వేర్ దుకాణాల్లో చవకగా కొన్నది, కొంత చనిపోయిన స్నేహితుల భార్యలు తీసుకుపొమ్మని ఇచ్చినది. డ్యూపాంట్ వారి ఐఎంఆర్ డబ్బాలు, హెర్క్యులీస్ వారి యునీక్, బుల్స్ఐ, రెడ్ డాట్ డబ్బాలు వరుసగా ఉండేవి. డ్యూపాంట్ ఆ వ్యాపారం నుంచి 1980లలో తప్పుకుంది, హెర్క్యులీస్ మందుల మీద 1995 తర్వాత అలయంట్ పేరు పడింది. యునీక్ మందు 1900 నుంచి, బుల్స్ఐ అంతకన్నా రెండేళ్ళ ముందు నుంచి అమ్ముడవుతున్నాయని విన్నప్పుడు, నూరేళ్ళుగా ఒకే పేరుతో దొరుకుతున్న రసాయన సరుకులు ప్రపంచంలో ఎన్ని ఉంటాయా అని ఆలోచించాను.

వీటన్నిటిలో ఆయనకు ముద్దుగా ఉండేది 4831 అనే రకం మందు ఉన్న ఒక పాత డ్రమ్ము. దాని వెనుక కథ చెప్పకుండా ఉండలేను. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి అమెరికా ప్రభుత్వం దగ్గర గుట్టలకొద్దీ తుపాకిమందు మిగిలిపోయింది. కాన్సాస్‌కు చెందిన బ్రూస్ హాడ్జ్‌డన్ అనే వ్యక్తి తన జీవిత బీమా మీద అప్పు తీసుకుని, 4895 అనే మిగులు మందును పెద్ద మొత్తంలో కొని, పశువుల బీడులో నిలబెట్టిన పాత రైలు పెట్టెలో దాచి, కావలసినవారికి తూచి అమ్మాడు. తర్వాత 20 మిల్లీమీటర్ల ఫిరంగి గుండ్లలోంచి విప్పి తీసిన మందు 4831 పేరుతో వచ్చింది. నిదానంగా కాలే మందు కావడం వల్ల పెద్ద తూటాలకు అది బాగా అమరింది. నీటికన్నా చవకగా దొరికేదని పెద్దాయన తండ్రి అనేవారట. విమానాల మీద కాల్చడానికి చేసిన మందు పెన్సిల్వేనియా కొండల్లో జింకల వేటకు ఖర్చయింది. ఆ మిగులు సరుకు అయిపోయాక 1970లలో స్కాట్‌లాండ్‌లోను, ఆ తర్వాత ఆస్ట్రేలియాలోను అదే పేరుతో కొత్తగా తయారుచేయించారు.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. హాడ్జ్‌డన్ వారి 4831 ఒకటి, ఐఎంఆర్ వారి 4831 మరొకటి. అంకె ఒకటే అయినా ఐఎంఆర్ మందు కొంచెం వేగంగా కాలుతుంది. హాడ్జ్‌డన్ మందు కొలతను ఐఎంఆర్ మందుకు వాడితే తుపాకి గొట్టంలో ఒత్తిడి పెరిగిపోతుంది. పాత మిగులు సరుకుకు, కొత్తగా చేసిన సరుకుకు కూడా కొద్దిపాటి తేడా ఉంటుంది. అందువల్ల పెద్దాయన డబ్బా మీద అంకె చదివి ఊరుకునేవారు కాదు, కంపెనీ పేరు, లాట్ నంబరు, తాను కొన్న సంవత్సరం పెన్సిలుతో రాసిన చీటీ కూడా చదివి, అప్పుడు మాత్రమే మూత తీసేవారు. 1950ల నాటి పుస్తకాల్లోని కొలతలను ఆయన పూర్తిగా నమ్మేవారు కాదు. ఒత్తిడిని రాగి ముక్క ఎంత నలిగిందో చూసి అంచనా వేసిన కాలపు లెక్కలవి. తర్వాత వచ్చిన విద్యుత్ పరికరాలు కొన్నిచోట్ల ఆ అంచనాలు తప్పని చూపించాయి. మందు పాతదైనా పుస్తకం కొత్తదై ఉండాలని, అందులో ఇచ్చిన కనిష్ఠ కొలతతో మొదలుపెట్టి మెల్లగా పైకి వెళ్ళాలని ఆయన పట్టుదల.

పాత మందు ఎందుకు చెడుతుందన్నది నా చదువుకు దగ్గరి విషయం కాబట్టి, అక్కడ మాత్రం నేనే మాట్లాడేవాడిని. పొగలేని తుపాకిమందుకు మూలం నైట్రోసెల్యులోజ్. దూదిని, కొయ్యగుజ్జును నైట్రిక్ ఆమ్లంతో చర్య జరిపి చేస్తారు. కొన్ని రకాల్లో దీనికి నైట్రోగ్లిజరిన్ కూడా చేరుస్తారు. 1884లో ఫ్రాన్సులో పాల్ వియే దీన్ని సైన్యానికి పనికివచ్చే రూపానికి తెచ్చాడు. ఇది పుట్టిన రోజు నుంచే అతి నెమ్మదిగా తనను తాను విరగ్గొట్టుకుంటూ ఉంటుంది. ఆ క్రమంలో వెలువడే నత్రజని ఆక్సైడ్లు ఆమ్లంగా మారి, మిగతా మందును ఇంకా త్వరగా విరగ్గొడతాయి. అందుకే తయారీలోనే డైఫెనైలమీన్ వంటి స్టెబిలైజరును కొద్దిగా కలుపుతారు. వెలువడిన ఆక్సైడ్లను అది పట్టుకుంటూ పోతుంది. అది ఉన్నంతకాలం మందు నిలకడగా ఉంటుంది. అది అయిపోయిన తర్వాత పతనం వేగం అందుకుంటుంది. ఈ ఖర్చు ఎంత త్వరగా జరుగుతుందన్నది దాదాపు పూర్తిగా వేడి మీద ఆధారపడి ఉంటుంది. చల్లని చోట ఉంచిన మందు అర్ధశతాబ్దం దాటినా బాగానే ఉండవచ్చు. వేసవిలో మండిపోయే షెడ్డులో, అటక మీద ఉంచినది అందులో కొద్ది కాలానికే పాడైపోవచ్చు. వయసు చూసి మందును పారవేయడమూ, వయసు చూసి నమ్మడమూ రెండూ తెలివితక్కువ పనులే.

ఈ రసాయనమంతా నేను చెప్పినా, ఆయన పరీక్ష ముక్కుతోనే. ప్రతి సంవత్సరం వేట కాలానికి ముందు ఒక్కో డబ్బా మూత తీసి వాసన చూసేవారు. మంచి మందుకు ఈథర్ కలిసిన ద్రావకపు వాసన ఉంటుంది. చెడిన మందు ముక్కుపుటాలను కోసేటట్లు పుల్లగా, ఘాటుగా ఉంటుంది. డబ్బా మూతి దగ్గర ఎర్రని పొడి, లోపలి రేకుకు తుప్పు, మందు విడివిడిగా జారక పుల్లముక్కలు ఒకదానికొకటి అంటుకోవడం, మూత తీస్తే ఎర్రగా పొగలాంటిది కనిపించడం, వీటిలో ఏది కనిపించినా ఆ డబ్బాకు అక్కడితో సరి. రేకు డబ్బా బయటి తుప్పు వేరు, లోపలి తుప్పు వేరు అని కూడా ఆయనే చెప్పారు. బయటిది బేస్‌మెంట్ చెమ్మ వల్ల వచ్చినది కావచ్చు, లోపలిది ఆమ్లం వల్లనే వస్తుంది. మందు పూర్తిగా ఎండిపోవడం కూడా మంచిది కాదని నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను. తేమ తగ్గిన మందు కొంచెం వేగంగా కాలుతుంది, పాత కొలతే కొత్త ఒత్తిడిని ఇస్తుంది. మూత సరిగ్గా బిగించని డబ్బాను ఆయన అనుమానంగా చూడడానికి ఇదొక కారణం.

ఇక బీరువా. ఒక అంగుళం మందం పైన్ పలకలతో తానే చేసుకున్నది, ఫర్నేసుకు, నీళ్ళ హీటరుకు దూరంగా, నేలకు జానెడు ఎత్తున, ఇంటి ఉత్తరపు గోడకు ఆనించి పెట్టారు. అంత సరుకు ఉన్నవాడు దాన్ని ఇనుప సేఫులో పెట్టి తాళం వేయకుండా కర్ర బీరువాలో ఎందుకు పెట్టాడని మొదట నాకు వింతగా తోచింది. ఆయన సమాధానం సూటిగా ఉంది: ఆరుబయట పొగలేని మందు అంటుకుంటే పెద్ద మంటతో కాలిపోతుంది. బిగుతైన ఇనుప పెట్టెలో అంటుకుంటే ఆ పెట్టే బాంబు అవుతుంది. అందుకే మందు డబ్బాలను కూడా లోపల కొద్దిగా ఒత్తిడి పెరగగానే విడిపోయేటట్లు తయారుచేస్తారు. గాజు సీసాలోకి, బిర్రుగా మూతపడే గట్టి పాత్రలోకి మార్చడం ఆ ఏర్పాటునంతా వృథా చేయడమే. అమెరికాలో చాలా చోట్ల అనుసరించే, జాతీయ అగ్నిరక్షణ సంఘం (ఎన్‌ఎఫ్‌పీఏ) వారి 495 ప్రమాణం ప్రకారం ఇంట్లో 20 పౌన్ల వరకు పొగలేని మందును అసలు డబ్బాల్లో ఉంచుకోవచ్చు. 20 నుంచి 50 పౌన్ల వరకు అయితే కనీసం ఒక అంగుళం మందం గోడలున్న కర్ర పెట్టెలో ఉంచాలి. ఆ ప్రమాణం గురించి ఆయనకు అగ్నిమాపక దళంలో స్వచ్ఛందంగా పనిచేసిన రోజుల్లో తెలిసింది. బీరువాకు తాళం ఉండేది. ఇంటికి వచ్చే మనుమల కోసం అది తప్పనిసరి అని, తాళంచెవి మాత్రం భార్యకు కూడా చూపించలేదని నవ్వేవారు.

ప్రైమర్లను ఆ బీరువాలో ఉంచేవారు కాదు, గదికి మరో చివర వేరే చిన్న పెట్టె ఉండేది. మందు కన్నా ప్రైమరును చూసి భయపడాలని ఆయన ఎప్పుడూ అనేవారు. మందు కాలుతుంది గానీ, ప్రైమరులో ఉండే లెడ్ స్టిఫ్నేట్ మిశ్రమం దెబ్బ తగిలితే పేలుతుంది, దాని పనే అది. ఒకటి పేలితే పక్కన తగిలి ఉన్నవన్నీ ఒక్కసారిగా పేలుతాయి. పాత అట్టపెట్టెల్లో, కర్ర పలకల మీద ప్రైమర్లు దగ్గరదగ్గరగా ఉండేవి. తర్వాత వచ్చిన పెట్టెలు లోపల సరుకు కొంచెమే అయినా అంత పెద్దగా ఉండడం చూసి జనం కంపెనీలు గాలి అమ్ముకుంటున్నాయని విసుక్కునేవారట. ఒకదాని పేలుడు మరొకదానికి అందకుండా ఎడంగా అమర్చడమే ఆ పెద్ద పెట్టెల రహస్యం. వాటిని విప్పి ఊరగాయ సీసాలో పోసుకునేవారిని తలచుకుంటే ఆయనకు ఒళ్ళు మండేది. ఇంట్లో 10,000 ప్రైమర్లకు మించి ఉంచరాదన్న నియమం ఆ ప్రమాణంలోనే ఉంది.

పాత ప్రైమర్లతో మరో తలనొప్పి తుప్పు. పూర్వం వాటిలో పొటాషియం క్లోరేటు వాడేవారు. అది కాలాక మిగిలే పొటాషియం క్లోరైడు, వంటింటి ఉప్పులాగే గాలిలోని తేమను పీల్చి గొట్టాన్ని తినేస్తుంది. నూనె రాస్తే ఉప్పు పోదు, నీళ్ళతో కడగాలి. అమెరికా సైన్యపు థర్టీ-ఆట్-సిక్స్ తూటాల్లో ఇటువంటి ప్రైమర్లు 1950ల తొలినాళ్ళ వరకు ఉన్నాయి. అంతకన్నా పాత ప్రైమర్లు కొన్నిటిలో పాదరసపు ఫల్మినేటు ఉండేది. దాని పాదరసం ఇత్తడిలోకి ఇంకి తొడుగును పెళుసుగా చేస్తుంది. పైకి చూడడానికి మెరిసిపోయే తొడుగు, రెండోసారి కాల్చేటప్పుడు పగిలిపోతుంది. పెద్దాయన తండ్రి నుంచి వచ్చిన తొడుగుల్లో కొన్నిటి అడుగున ఎఫ్‌ఏ అన్న అక్షరాలు, రెండంకెల సంవత్సరం ఉండేవి. అవి ఫిలడెల్ఫియాలోని ఫ్రాంక్‌ఫర్డ్ ఆర్సెనల్‌లో పుట్టినవి. ఆ కర్మాగారం 1977లో మూతపడింది. అటువంటి తొడుగుల్లో అనుమానం ఉన్నవాటిని ఆయన పట్టకారుతో నొక్కి చితకగొట్టి తుక్కులో పడేసేవారు, అలా చేస్తే పొరపాటున కూడా మళ్ళీ ఎవరూ వాడలేరు.

ఒకనాడు మా ఆవిడ ఇత్తడి కుందులు తోముకోవడానికి తెచ్చుకున్న పాలిష్ డబ్బాను చూసి, ఇందులో అమోనియా ఉంటుంది, నా బల్ల దగ్గరికి మాత్రం తేవద్దని ఆయన అన్నారు. ఆ నియమం ఆయనకు పూర్వీకుల నుంచి వచ్చింది గానీ, ఎందుకో తెలియదు. అప్పుడు నేను వరంగల్ పాఠాల్లోంచి ఒక విషయం చెప్పాను. బ్రిటిష్ పాలనలో మన దేశంలో సైన్యం తూటాలను గుర్రపుసాలల్లో నిల్వ చేస్తే, వానాకాలం వచ్చేసరికి తొడుగుల మెడలు ఎవరూ ముట్టకుండానే పగిలిపోయేవి. ఎండాకాలంలో బాగానే ఉన్నవి వానల్లోనే ఎందుకు పగులుతున్నాయో చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు. 1921లో మూర్, బెకిన్సేల్, మాలిన్సన్ అనే ముగ్గురు పరిశోధకులు దాన్ని విప్పారు: గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమోనియా చెమ్మగాలితో కలిసి ఇత్తడిని పట్టుకుంటోందని, తయారీలో సాగదీసినప్పుడు లోపల మిగిలిపోయిన బిగువు అక్కడ చీలికగా మారుతోందని వారు చూపించారు. తొడుగులను వేడిచేసి ఆ బిగువును వదిలిస్తే సమస్య తీరిపోయింది. తన బేస్‌మెంట్‌లోని నియమానికి మూలం హిందూదేశపు గుర్రపుసాలలో ఉందని విని ఆయన ఎంత సంతోషించారంటే, వేట క్లబ్బులో కనబడినవారందరికీ ఆ కథ చెప్పి, చివరికి నన్ను కూడా తీసుకువెళ్ళి వాళ్ళ ముందు మళ్ళీ చెప్పించారు.

సీసం బుల్లెట్ల విషయంలో కూడా ఇటువంటిదే ఒకటి జరిగింది. పిట్స్‌బర్గ్ ప్రాంతపు పత్రికలు లైనోటైప్ యంత్రాలను వదిలేసిన రోజుల్లో, ఆ అచ్చుల లోహాన్ని ఆయన తుక్కు ధరకు కొన్నారు. అందులో సీసంతో పాటు 12 శాతం దాకా ఆంటిమొనీ, 4 శాతం దాకా తగరం ఉంటాయి కాబట్టి బుల్లెట్లు గట్టిగా వచ్చేవి. ఒకప్పుడు ఎన్నికల వార్తలు, పెళ్ళిళ్ళ ప్రకటనలు మోసిన అక్షరాలు మూసలో కరిగిపోయాయి. పోతపోసిన ఆ బుల్లెట్లను ఆయన ఒక అందమైన ఓక్ సొరుగుల బల్లలో పెడితే, కొన్నేళ్ళకు వాటి మీద తెల్లని బూజులాంటి పొడి పట్టింది. ఓక్ కర్ర నుంచి వచ్చే ఎసిటిక్ ఆమ్లపు ఆవిరి సీసాన్ని అలా చేస్తుందని, ఆ పొడి విషమని, చేతికి తొడుగులు లేకుండా ముట్టవద్దని నేను గట్టిగా చెప్పవలసి వచ్చింది. మ్యూజియంలలో పాత సీసపు ముద్రలకు పట్టే జబ్బు ఇదే. ఆ తర్వాత సీసమంతా ప్లాస్టిక్ డబ్బాల్లోకి మారింది. ఓక్ బల్లలో ఆయన భార్య కుట్టుపని సామాను చేరింది.

క్రిస్మస్ మరునాటి నుంచి పెన్సిల్వేనియాలో చెకుముకి తుపాకుల వేట కాలం ఉంటుంది. దానికోసం ఆయన దగ్గర ఒక చిన్న డబ్బా నల్లని పాతకాలపు మందు ఉండేది. ఈ రాష్ట్రంలోనే మూసిక్ అనే ఊళ్ళో డ్యూపాంట్ వారు దాన్ని చాలాకాలం తయారుచేశారు. సూరేకారం, బొగ్గు, గంధకం కలిసిన ఈ మందు పొడిగా ఉంటే ఎన్నేళ్ళయినా చెడదు గానీ, చిన్న నిప్పురవ్వ చాలు, మూత లేని చోట కూడా పేలిపోతుంది. పొగలేని మందు కన్నా దీనితో ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. దాన్ని చూసినప్పుడల్లా నాకు ఖమ్మం జిల్లాలో మా తాతయ్య గుర్తుకు వచ్చేవారు. అడవిపందుల నుంచి జొన్నచేను కాపాడుకోవడానికి లైసెన్సు తీసుకున్న మూతిలోంచి మందు దట్టించే తుపాకి ఆయనది. మందును గేదెకొమ్ములో పోసి, వంటింటికి దూరంగా వసారా దూలానికి వేలాడదీసేవారు. నిప్పు పుట్టించే చిన్న రాగి టోపీలను వేరే రేకు డబ్బాలో దేవుడి గూటి పక్కన దాచేవారు. మందు ఒక చోట, టోపీలు మరొక చోట అన్న పద్ధతి ఆయనకు ఎవరు నేర్పారో తెలియదు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఆ తుపాకిని పోలీసు స్టేషనులో అప్పగించి రసీదు తెచ్చుకునేవారని చెబితే పెద్దాయన నమ్మలేకపోయారు.

2013లో, మళ్ళీ 2020 నుంచి రెండేళ్ళ పాటు దుకాణాల్లో ప్రైమర్లు, మందు దొరకని కరువు వచ్చింది. వెయ్యి ప్రైమర్లు 30 డాలర్లకు వచ్చే కాలం పోయి, 100 డాలర్లకు కూడా బతిమాలుకోవలసిన కాలం వచ్చింది. అటకల మీద, గ్యారేజీల్లో మరిచిపోయిన తాతల నాటి డబ్బాలను జనం దించడం మొదలుపెట్టారు. అవి పట్టుకుని పెద్దాయన దగ్గరికి వచ్చేవారు. డబ్బా మీద ఉన్న పేరు లోపలి మందుదేనా అని ఆయన అడిగే మొదటి ప్రశ్నకు చాలామంది దగ్గర జవాబు ఉండేది కాదు. ఒకాయన తండ్రి కాఫీ డబ్బాలో దాచిన మందును తెచ్చి, చూడడానికి 4064 అనే రకం మందు లాగే ఉందని వాదిస్తే, పెద్దాయన ఏమీ మాట్లాడకుండా మరో నాలుగు డబ్బాలు తీసి కాగితం మీద చిటికెడు చిటికెడు పోసి, ఇందులో 4064 ఏదో చూపించమన్నారు. ఆయన చూపించలేకపోయారు. ఆ కాఫీ డబ్బా మందు ఎంత మంచి వాసన వచ్చినా తుపాకిలోకి వెళ్ళలేదు. చెమ్మ తగలని అసలు పెట్టెలో ఉన్న ప్రైమర్లనైతే ఆయన అభ్యంతరం లేకుండా ఒప్పుకునేవారు, ముందు కొన్ని కాల్చి చూసి, నిప్పు ఆలస్యంగా అంటుకున్నవి లేకపోతేనే మిగతావి వాడమనేవారు.

ఆ కరువు తీరకముందే ఆయన కన్నుమూశారు. ఒహాయోలో ఉండే కూతురు వచ్చి, ఈ బేస్‌మెంట్‌లో ఏది ఉంచాలో ఏది తీసేయాలో నాకేం తెలుసునని, క్లబ్బులోని ఆయన మిత్రుడిని, నన్ను సాయం అడిగింది. అనుకున్నంత కష్టం కాలేదు, ఎందుకంటే ప్రతి డబ్బా మీదా ఆయన పెన్సిల్ రాత ఉంది. కొన్న తేదీ, చివరిసారి వాసన చూసిన నెల, ఏ తూటాకు ఎంత వాడారన్నది వేరే కార్డు మీద ఉన్నాయి. రెండు డబ్బాల్లో ఎర్రపొడి కనిపించింది. తయారీదారులు చెప్పే పద్ధతిలో, క్లబ్బు మిత్రుడు వాటిని తన పొలంలో ఎండుగడ్డి లేని బయలు నేల మీద పలుచగా పోసి, దూరం నుంచి అంటించి కాల్చేశారు. గ్యారేజీలో పెద్దాయన తమ్ముడి ఇంటి నుంచి వచ్చిన పెట్టె ఒకటి తెరవని స్థితిలో దొరికింది. అందులో మాత్రల సీసా నిండా పేరులేని ప్రైమర్లు ఉన్నాయి. దాన్ని కదపకుండా అక్కడే ఉంచి అగ్నిమాపక దళానికి ఫోన్ చేశాము. నూనె పోసి నానబెడితే చచ్చిపోతాయని పక్కవీధి వాళ్ళు సలహా ఇచ్చారు గానీ, నూనెలో నానిన ప్రైమర్లు ఆరిన తర్వాత మళ్ళీ పేలవచ్చని పెద్దాయన నోట చాలాసార్లు విన్నవాళ్ళం మేము.

మిగిలిన సరుకు మనుమడికి వెళ్ళింది. తాత రైఫిలు కూడా అతనికే వచ్చి ఉంటే కార్డు మీది కొలతలు సరిపోయేవి, కానీ అది మరో మనుమడి పాలైంది. అందుకని 4831 డ్రమ్ములోని మందుకు అతను కార్డును పక్కన పెట్టి, కొత్త పుస్తకం తెచ్చుకుని కనిష్ఠ కొలత నుంచి మళ్ళీ మొదలుపెట్టాడు. అతను ఉండే అపార్ట్‌మెంటు ఒప్పందంలో ఇటువంటి వస్తువులకు అనుమతి లేదు. కాబట్టి పైన్ బీరువా ఒహాయోలో వాళ్ళ అమ్మ ఇంటి బేస్‌మెంట్‌కు చేరింది, తాళంచెవి అతని దగ్గర ఉంటుంది. ప్రతి అక్టోబరులో అక్కడికి కారులో వెళ్ళి, డబ్బాలన్నీ వాసన చూసి, కార్డుల మీద నెల రాసి, నాకు ఫోన్ చేస్తాడు. పోయిన ఏడాది ఒక రెడ్ డాట్ డబ్బా మూత పక్కన మచ్చ కనిపించిందని ఫోటో పంపాడు. అది బయటి తుప్పే.